ఫ్లేవర్డ్ వోడ్కా: ఏ సీసా ఎవరికి సరిపోతుంది?

మన ఊళ్లలో చాలా వైన్ షాపుల కౌంటర్‌కి ఇనుప జాలీ ఉంటుంది. సీసా చేతిలోకి తీసుకుని తిప్పి చూసే వీలుండదు. జాలీ ఇవతల నుంచే పేరు చెప్పాలి, డబ్బులివ్వాలి, కవర్లో పెట్టిచ్చింది తెచ్చుకోవాలి. అందుకే ఏం కొంటామన్నది ఇంటి దగ్గరే తేలిపోతుంది, చాలాసార్లు ఎక్కడో చెవిన పడ్డ పేరును బట్టే. ఫ్లేవర్డ్ వోడ్కాలో ఇది మరీ చిక్కు. ఏ సీసా చూసినా అదే నిమ్మకాయ, అదే పచ్చ ఆపిల్, అదే కమలాపండు. లోపలి సరుకులో మాత్రం ఘాటులో, తీపిలో, పండు వాసన ఎక్కించిన పద్ధతిలో చాలా తేడా ఉంటుంది.

ఇది ఇప్పటికే తాగే అలవాటుండి, ఏది తీసుకోవాలో తేల్చుకోలేని పెద్దవాళ్ల కోసం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండకుండా మద్యం కొనకూడదు. అలవాటు లేనివాళ్లు పండు రుచి చూసి దీనితో మొదలుపెట్టాల్సిన పనీ లేదు.

## ముందు చూసుకోవాల్సినవి

ఫ్లేవర్ ఎలా ఎక్కింది? ప్రధానంగా మూడు దారులున్నాయి. తొక్క, ఆకు, గడ్డి, మిరపకాయ లాంటివి స్పిరిట్‌లో నేరుగా ఊరబెట్టడం ఒకటి. తొక్కలోని సుగంధ నూనెను విడిగా తీసి కలపడం రెండోది. ఫ్యాక్టరీలో చేసిన ఎసెన్స్ కలపడం మూడోది. నిమ్మ, నారింజ వాసనలు తొక్క నూనెలోనే ఉంటాయి, ఆ నూనె ఆల్కహాల్‌లో బాగా కరుగుతుంది. అందుకే మొదటి రెండు పద్ధతుల్లో అవి సహజంగా వస్తాయి. పచ్చ ఆపిల్, స్ట్రాబెర్రీ, పుచ్చకాయ అలా లొంగవు. వాటి వాసన పలచన, కాబట్టి ఎక్కువగా ఎసెన్స్ మీదే ఆధారపడతారు. నిమ్మ వోడ్కా నిమ్మలాగే ఉండి, ఆపిల్ వోడ్కా చాక్లెట్ దుకాణంలో దొరికే ఆపిల్ బిళ్లలా ఉండటానికి కారణం ఇదే. వెనక లేబుల్ మీద ‘సహజ ఫ్లేవర్’ అని ఉందా, ‘కృత్రిమ ఫ్లేవర్’ అని ఉందా చూడండి. ముందు వైపు పండు బొమ్మ ఆ సంగతి చెప్పదు.

ఘాటు ఎంత? యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం ఫ్లేవర్డ్ వోడ్కాలో ఆల్కహాల్ కనీసం 37.5% ఉండాలి. అమెరికాలో 30% ఉన్నా సరిపోతుంది. మన దేశంలో సాదా వోడ్కా ఎక్కువగా 42.8%తో, ఫ్లేవర్ రకాలు ఎక్కువగా 37.5%తో వస్తాయి. 60 మి.లీ. పెగ్గులో అసలు ఆల్కహాల్ లెక్క ఇలా వస్తుంది: 42.8% అయితే సుమారు 20 గ్రాములు, 37.5% అయితే 18 గ్రాముల లోపు, 30% అయితే 14 గ్రాములు. ఫ్లేవర్డ్ అంటే తేలిక మందు అనుకోవడం పెద్ద పొరపాటు. 42.8%కీ 37.5%కీ మధ్య పెగ్గుకి తేడా రెండున్నర గ్రాములే. తీపి, పండు వాసన గొంతులో మంటని కప్పేస్తాయి కాబట్టి గ్లాసులో రెండో పెగ్గు తెలియకుండానే పడుతుంది.

చక్కెర ఎంత? యూరప్ నిబంధనలో సాదా వోడ్కాకి లీటరుకి 8 గ్రాములకు మించి తీపి ఉండకూడదు. ఫ్లేవర్డ్ వోడ్కాకి మాత్రం లీటరుకి దాదాపు 100 గ్రాముల వరకు సందుంది. ఆ గరిష్ఠం దగ్గర ఉన్న సీసా అయితే 60 మి.లీ.లో 6 గ్రాముల చక్కెర. దానికి 200 మి.లీ. కూల్‌డ్రింక్ కలిపితే మరో 20 గ్రాముల వరకు చేరుతుంది. అంటే తీపిని ఎక్కువగా తెచ్చేది మీరు కలిపేదే. తీపి సీసా, తీపి కూల్‌డ్రింక్ రెండూ ఒకే గ్లాసులో పడితే మూడో గుక్కకే మొహం మొత్తుతుంది.

దేనిలో కలుపుతారు? దీన్ని అందరూ ఆఖర్న ఆలోచిస్తారు, ఆలోచించాల్సింది మొదట. ఎప్పుడూ సాదా సోడాలోనే తాగేవాళ్లకి ఫ్లేవర్ నాణ్యత పూర్తిగా బయటపడుతుంది, అక్కడ మంచి సీసాకి పెట్టిన డబ్బు దక్కుతుంది. స్ప్రైట్‌లోనో, ప్యాకెట్ ఆరెంజ్ జ్యూస్‌లోనో పోసేవాళ్లకి ఖరీదైన సీసా దండగ.

## అబ్సొల్యూట్: సీసానే ప్రకటన

ఫ్లేవర్డ్ వోడ్కా ఇవాళ అమ్ముడుపోతున్న తీరుకి దారి వేసిన వాటిలో ముందు చెప్పుకోవాల్సింది ఇదే. స్వీడన్ దక్షిణాన ఓహూస్ అనే చిన్న ఊళ్లో, చలికాలపు గోధుమతో తయారవుతుంది. 1979లో అమెరికా మార్కెట్లోకి వెళ్లినప్పుడు అక్కడ వోడ్కా అంటే రష్యా పేర్లే గుర్తొచ్చేవి. స్వీడన్ వోడ్కా అంటే ఎవరికీ ఏమీ తోచదు. పాతకాలపు స్వీడిష్ మందుల సీసా ఆకారం తీసుకున్నారు. పొట్టి మెడ, గుండ్రటి భుజాలు, కాగితం లేబుల్ లేదు, అక్షరాలు నేరుగా గాజు మీదే. టీబీడబ్ల్యూఏ అనే ప్రకటనల సంస్థ ఆ సీసా నెత్తిన దేవతల తల చుట్టూ ఉండేలాంటి కాంతి వలయం పెట్టి, కింద రెండే మాటలు రాసింది: ‘అబ్సొల్యూట్ పర్ఫెక్షన్’. తర్వాత ఏళ్ల తరబడి వందలాది ప్రకటనలు అదే అచ్చులో వచ్చాయి. మొదటి మాట ఎప్పుడూ బ్రాండు పేరే, రెండో మాట మారుతుంది, బొమ్మలో ఏదో ఒక రూపంలో సీసా ఉంటుంది. 1986లో అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హాల్ వేసిన సీసా బొమ్మ కూడా ప్రకటన అయింది.

ఆ ప్రకటనల్లో రుచి గురించి దాదాపు ఏమీ ఉండదు. రుచీ వాసనా తక్కువగా ఉండటమే గొప్పగా చెప్పుకునే సరుకుకి ఆ పద్ధతి సరిపోయింది. ఫ్లేవర్లు వచ్చాక కూడా అదే సీసా, అదే అక్షరాలు, రంగు మాత్రం మారింది. కొత్త రుచి కొంటున్నా తెలిసిన సీసానే కొంటున్నామన్న ధైర్యం జనానికి అలా వచ్చింది. 1986లో మిరప ఘాటుతో పెప్పార్, 1988లో నిమ్మతో సిట్రాన్, 1992లో నల్ల ద్రాక్ష లాంటి చిన్న పండుతో కురాంట్, 1999లో మాండ్రిన్ వచ్చాయి. 2008లో ఫ్రాన్స్‌కి చెందిన మద్యం కంపెనీ పెర్నో రికార్డ్ ఈ బ్రాండుని కొనేసింది.

సిట్రాన్‌కి పేరు తెచ్చింది ప్రకటనల కంటే బార్ కౌంటర్. న్యూయార్క్‌లో టోబీ చెకీనీ అనే బార్టెండర్ 1988లో అప్పుడే వచ్చిన సిట్రాన్‌తో కాస్మొపాలిటన్ కాక్‌టెయిల్‌ని ఇప్పుడు మనకు తెలిసిన రూపానికి తెచ్చాడు. ఆ కాక్‌టెయిల్ ఊరూరా పాకడంతో సీసా కూడా పాకింది. కొలత: సిట్రాన్ 40 మి.లీ., కాయింత్రో (నారింజ తొక్కతో చేసే తీపి మద్యం) 15, తాజా నిమ్మరసం 15, క్రాన్‌బెర్రీ జ్యూస్ 30. ఐసు వేసి 12–15 సెకన్లు గట్టిగా కుదిపి వడకట్టాలి. ఇంట్లో చేసేటప్పుడు కాయింత్రో లేదని ఆరెంజ్ స్క్వాష్ పోస్తుంటారు. స్క్వాష్‌లో నారింజ తొక్క చేదు ఉండదు, తీపి ఒక్కటే ఉంటుంది, మొత్తం షర్బత్ అయిపోతుంది. అది లేకపోతే ఈ కాక్‌టెయిల్ మానేసి, సిట్రాన్ 45 మి.లీ., సాదా సోడా 150 మి.లీ., చిటికెడు ఉప్పు, ఒక నిమ్మ బద్ద వేసుకోవడం మేలు.

సిట్రాన్‌లో చక్కెర కలపరు. వాసన తొక్కదే, నాలుక మీద పొడిగా ఉంటుంది. తీపి కోసం చూసేవాళ్లకి ఇది మొదట నచ్చదు. పెప్పార్ మన నాలుకకి బాగా దగ్గర. పెప్పార్ 45 మి.లీ., టమాటా జ్యూస్ 90, నిమ్మరసం 15, ఉప్పు, మిరియాల పొడి కలిపితే విడిగా కారం సాస్ వెతుక్కునే పని ఉండదు.

## స్మిర్నాఫ్: ఎక్కువ రకాలు, ఎక్కువ తీపి

మాస్కోలో 19వ శతాబ్దంలో మొదలైన పేరు. 1939లో అమెరికా హక్కులు హ్యూబ్లిన్ కంపెనీ చేతికి వచ్చాయి. ఇప్పుడు డియాజియో అనే బ్రిటన్ మద్యం కంపెనీది. నోట్లోంచి వాసన రాదన్న సంగతినే గడుసుగా ధ్వనింపజేస్తూ ఈ బ్రాండుని అమెరికాలో అమ్మారు. ఏమీ వాసన లేదని పేరు తెచ్చుకున్న బ్రాండే తర్వాత పచ్చ ఆపిల్, నారింజ, వనిల్లా, రాస్ప్‌బెర్రీ అంటూ పెద్ద వరస పెట్టింది.

అమెరికాలో దొరికే స్మిర్నాఫ్ ఫ్లేవర్లలో చాలా వరకు 30–35%. మన దగ్గర దొరికేది ఇక్కడ తయారైనది. అక్కడ తాగిన రుచే ఇక్కడా ఉంటుందని అనుకోకండి. ఈ వరసలో నారింజ, నిమ్మ రకాలు సోడాలో నిలబడతాయి. పచ్చ ఆపిల్ మాత్రం సోడాలో పోస్తే ఎసెన్స్ వాసన పైకి తేలుతుంది. దానికి అల్లం రుచి ఉన్న జింజర్ ఏల్ సరైన జోడీ. 45 మి.లీ.కి 120 మి.లీ. జింజర్ ఏల్, పైన నిమ్మరసం. అల్లం ఘాటు ఎసెన్స్‌ని అణుస్తుంది, నిమ్మ పులుపు తీపిని తగ్గిస్తుంది. వనిల్లా రకం కోలాలో బాగుంటుంది, పళ్ల రసాల్లో అసలు బాగుండదు.

## మ్యాజిక్ మూమెంట్స్: మన దుకాణాల్లో తేలిగ్గా దొరికేది

ఉత్తరప్రదేశ్ రాంపూర్‌లో 1943లో పుట్టిన డిస్టిలరీ నుంచి ఎదిగిన ర్యాడికో ఖైతాన్ దీన్ని 2006లో తెచ్చింది. ధాన్యం స్పిరిట్‌తో చేస్తారు. నారింజ, పచ్చ ఆపిల్, రాస్ప్‌బెర్రీ, చాక్లెట్, నిమ్మగడ్డి–అల్లం లాంటి రకాలు ఉన్నాయి.

ఇది జనంలోకి వెళ్లిన తీరు అర్థం కావాలంటే మన చట్టం తెలియాలి. కేబుల్ టెలివిజన్ నిబంధనలు (1994) మద్యం ప్రకటనల్ని నేరుగా గానీ, చాటుగా గానీ వేయకూడదంటాయి. అందుకని కంపెనీలు అదే పేరుతో మ్యూజిక్, సోడా, గాజు గ్లాసులు అంటూ ప్రకటనలు వేస్తూ వచ్చాయి. మ్యాజిక్ మూమెంట్స్‌కి ఆ దారి మ్యూజిక్. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఇచ్చిన మార్గదర్శకాలు ఈ చాటు ప్రకటనల్ని కూడా నిషేధించాయి. కొనేవాళ్లకి దీనివల్ల జరిగిన నష్టం ఒకటుంది. ఇలాంటి ప్రకటన పేరునే గుర్తు చేయగలదు. ఘాటు ఎంత, తీపి ఎంత, ఫ్లేవర్ ఎలాంటిది అన్నది చెప్పదు. ఆ సమాచారం ఉండేది వెనక లేబుల్ మీద, లేబుల్ ఉండేది జాలీ అవతల. కొనే ముందు ‘ఒకసారి వెనక్కి తిప్పి చూపించు అన్నా’ అని అడగడానికి మొహమాటపడకండి.

రకాల్లో నిమ్మగడ్డి–అల్లం మన వాళ్లకి మంచి ఎంపిక, సాదా సోడాలో కూడా నడుస్తుంది. నారింజ ఫర్వాలేదు. చాక్లెట్ రకాన్ని కూల్‌డ్రింక్‌లో కలిపితే ఎందుకూ కొరగాదు, చల్లటి కాఫీలో మాత్రమే పనికొస్తుంది.

## సిరాక్, గ్రే గూస్, విప్డ్ క్రీమ్ సీసాలు

గ్రే గూస్‌ని 1997లో సిడ్నీ ఫ్రాంక్ అనే అమెరికన్ మద్యం వ్యాపారి ఫ్రాన్స్‌లో తయారు చేయించి, అబ్సొల్యూట్ కంటే పైధర పెట్టి అమెరికాలో దింపాడు. ధరే దాని గొప్పతనానికి గుర్తు అయింది. 2004లో బకార్డీ అనే మద్యం కంపెనీ దాన్ని 200 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చి కొంది. సిరాక్ ద్రాక్ష స్పిరిట్‌తో చేసేది. 2007లో ర్యాపర్ షాన్ కూమ్స్‌తో ఒప్పందం తర్వాత క్లబ్బుల్లో వెలిగింది, ఆ బంధం 2024లో తెగింది. రెండింటి ఫ్లేవర్లూ నాణ్యంగానే ఉంటాయి, కానీ కట్టే డబ్బులో పెద్ద వాటా పేరుకే. గ్రే గూస్‌లో పియర్ పండు రకం ఒక్కటి వేరే చోట సులువుగా దొరకని రుచి.

విప్డ్ క్రీమ్, కేకు, మార్ష్‌మెలో రకాలు 2010 ప్రాంతంలో అమెరికాలో పిన్నకిల్ లాంటి బ్రాండ్లతో ఉప్పెనలా వచ్చాయి. తీపి ఎక్కువ, ఘాటు చాలా వాటిలో 30–35%. ఇవి వద్దు. మిఠాయి వాసనతో మందుని దాచి కొత్తవాళ్ల చేత తాగించడానికే అన్నట్టుంటాయి.

## జుబ్రూఫ్కా: సీసాలో గడ్డిపోచ

పోలండ్, బెలారుస్ సరిహద్దులో బియావొవియెజా అనే పురాతన అడవి ఉంది. అక్కడ బైసన్‌లు మేసే సువాసన గడ్డిని వోడ్కాలో ఊరబెట్టి, ప్రతి సీసాలో ఒక గడ్డిపోచ వేస్తారు. రంగు లేత పచ్చ–పసుపు. వాసన అప్పుడే కోసి ఎండబెట్టిన గడ్డిది, దానిలో కొంచెం వనిల్లా, బాదం ఛాయ. ఆ వాసన కూమరిన్ అనే పదార్థానిది. ఆహారంలో కూమరిన్ కలపడాన్ని 1954లో అమెరికా నిషేధించింది. ఆ కారణంగానే అసలు జుబ్రూఫ్కాకి అక్కడ తలుపులు మూసుకున్నాయి. తర్వాత కూమరిన్ తీసేసిన రకం అక్కడ అమ్ముతున్నారు. అసలుది తాగాలంటే యూరప్‌లో కొనాలి.

తాగే పద్ధతి ఒక్కటే చాలు: 50 మి.లీ.కి 120–150 మి.లీ. మబ్బుగా ఉండే, చక్కెర కలపని ఆపిల్ జ్యూస్, ఐసు. మెరిసేలా వడకట్టిన ప్యాకెట్ జ్యూస్ తీపిగా ఉంటుంది, దాంట్లో అయితే అర నిమ్మకాయ పిండండి. సోడాలో దీని వాసన చప్పబడుతుంది. ఫ్లేవర్డ్ వోడ్కాల్లో నిజంగా వేరుగా ఉండే రుచి కావాలంటే డబ్బు పెట్టాల్సింది దీని మీదే.

## ఇంట్లో ఊరబెట్టుకోవడం

సాదా వోడ్కా హాఫ్ (375 మి.లీ.), గట్టి మూత ఉన్న గాజు సీసా, గూడూరు సంతకో తెనాలి సంతకో వచ్చే లాంటి మన నాటు నిమ్మకాయలు ఉంటే నిమ్మ వోడ్కా ఇంట్లోనే తయారు. చక్కెర సున్నా, ఖర్చు సాదా సీసాది. ఇంటి వాడకానికి మాత్రమే. అమ్మితే నేరం.

నిమ్మకి: ఐదు కాయల్ని గోరువెచ్చటి నీళ్లతో రుద్ది కడిగి పూర్తిగా తుడవాలి. పీలర్‌తో పై పచ్చ–పసుపు తొక్క మాత్రమే పలచగా తీయాలి. లోపలి తెల్ల పొర తగిలిందంటే చేదు ఎక్కుతుంది, అది మళ్లీ పోదు. మన కాయలకి తొక్క పలచన కాబట్టి చెయ్యి తేలిగ్గా ఆడించాలి. వోడ్కాలో వేసి ఎండ తగలని చోట 24 గంటలు ఉంచి రుచి చూడండి, చాలకపోతే 36 గంటలు. వడకట్టేటప్పుడు ముందు మల్లు గుడ్డ, తర్వాత కాఫీ ఫిల్టర్ కాగితం వాడండి. సోడా పోయగానే మసకబారితే కంగారు పడకండి, తొక్క నూనె నీళ్లలో కరగక వచ్చే మబ్బు అది, పాడైనట్టు కాదు.

ఇతర కొలతలు, అదే 375 మి.లీ.కి: గింజ తీసి చీల్చిన పచ్చిమిర్చి రెండు, 4 నుంచి 6 గంటలు, గంటగంటకీ చూస్తూ. రాత్రంతా వదిలేస్తే తాగలేరు. అల్లం చెక్కలు 30 గ్రాములు, 48 గంటలు. కరివేపాకు ఒక రెబ్బ, 12 గంటలు. అంతకు మించితే ఆకు గోధుమ రంగుకి తిరిగి కషాయం వాసన వస్తుంది.

తాజా మామిడి, పనస లాంటి పళ్లు వేస్తే లెక్క మారుతుంది. పండులోని నీరు స్పిరిట్‌లో కలిసిపోతుంది. 42.8% వోడ్కా 375 మి.లీ.లో 150 గ్రాముల మామిడి ముక్కలు వేస్తే, దాంట్లోంచి 120 మి.లీ. నీరు దిగిందనుకుంటే, ఘాటు 32% దగ్గరికి పడిపోతుంది. అలాంటిదాన్ని ఫ్రిజ్‌లోనే పెట్టి రెండు మూడు రోజుల్లో ముక్కలు తీసేసి, రెండు వారాల్లోపు అయిపోగొట్టాలి. ప్లాస్టిక్ సీసాలో ఊరబెట్టకండి. మూత మీద ఎక్సైజ్ హోలోగ్రామ్ స్టిక్కర్ చిరగని సీసానే వాడండి. నాటుసారాతో ఈ ప్రయోగం చేయొద్దు. దాంట్లో మిథనాల్ ఉంటే కళ్లు పోతాయి, ప్రాణమూ పోవచ్చు, అల్లం నిమ్మ వాసనతో ఆ తేడా ఇంకా కనబడకుండా పోతుంది.

## ఒక్క చూపులో

| ఎంపిక | ఘాటు | తీపి | బాగా కుదిరేది | కుదరనిది |
|---|---|---|---|---|
| అబ్సొల్యూట్ సిట్రాన్ | 40%, దేశాన్ని బట్టి మారొచ్చు | లేదు | సాదా సోడా, కాస్మొపాలిటన్ | తీపి కూల్‌డ్రింకులు |
| స్మిర్నాఫ్ ఫ్లేవర్లు | 30–37.5%, దేశాన్ని బట్టి | మధ్యస్థం నుంచి ఎక్కువ | జింజర్ ఏల్, కోలా | ఆపిల్ రకానికి సాదా సోడా |
| మ్యాజిక్ మూమెంట్స్ ఫ్లేవర్లు | 37.5% | రకాన్ని బట్టి | సోడా, నిమ్మ సోడా | చాక్లెట్ రకానికి కూల్‌డ్రింకులు |
| జుబ్రూఫ్కా | 37.5–40% | చాలా తక్కువ | ఆపిల్ జ్యూస్ | సోడా, కోలా |
| ఇంట్లో ఊరినది | వాడిన వోడ్కాని బట్టి | లేదు | సోడా, టమాటా జ్యూస్ | ఎక్కువ రోజుల నిల్వ |

## మీ అవసరాన్ని బట్టి

ఇంటికి పదిమంది వస్తుంటే: ఒకే ఖరీదైన సీసా కంటే సాదా వోడ్కా ఫుల్ తెచ్చి రెండు రకాలుగా ఊరబెట్టండి: అల్లం రెండు రోజుల ముందు, నిమ్మ ముందురోజు. పెగ్గు కొలిచే గ్లాసు తప్పనిసరి. చేతివాటంగా పోస్తే 60 అనుకున్నది 80–90 మి.లీ. అవుతుంది.

షుగరు ఉన్నవాళ్లు, మందులు వాడేవాళ్లు: సీసాలో చక్కెర లేకపోతే చాలు అనుకోకండి. ఇన్సులిన్, కొన్ని షుగరు మాత్రల మీద ఉన్నవాళ్లకి ఆల్కహాల్ వల్ల గంటల తర్వాత కూడా షుగరు బాగా పడిపోవచ్చు, ఖాళీ కడుపుతో మరీ ప్రమాదం. డాక్టర్‌ని అడగకుండా ఏ సీసా వద్దు.

కొత్త బ్రాండు చూడాలనుకునేవాళ్లు: క్వార్టర్ దొరికితే క్వార్టరే తీసుకోండి. ఫ్లేవర్ నచ్చకపోతే ఫుల్ బాటిల్‌ని ఏ కూల్‌డ్రింకూ కాపాడదు. ఎనర్జీ డ్రింకులో మాత్రం కలపొద్దు, అందులోని కెఫీన్ మత్తు తెలియనివ్వదు.

కారం ఇష్టపడేవాళ్లు: పెప్పార్ దొరికితే పెప్పార్, లేకపోతే పచ్చిమిర్చి వేసి ఇంట్లో చేసుకున్నది. రెండో దాంట్లో కారం మీ చేతిలో ఉంటుంది.

సీసాని డీప్ ఫ్రీజర్లో పెట్టేవాళ్లు: సాదా వోడ్కాకి అది బాగుంటుంది. ఫ్లేవర్డ్‌కి చలి వాసనని చంపేస్తుంది, మామూలు ఫ్రిజ్ చల్లదనం చాలు. 30% సీసాలు ఇంటి ఫ్రీజర్లో పలుకులు కట్టొచ్చు కూడా. మూత తీసిన నిమ్మ, నారింజ రకాల్ని ఎండ తగలకుండా పెట్టి, ఆరు నెలల్లో పూర్తిచేయండి. తర్వాత ఘాటు ఉంటుంది, తొక్క వాసన పోతుంది.

విదేశాల నుంచి తెచ్చేవాళ్లు: పెద్దవాళ్లు ఒక్కొక్కరు 2 లీటర్ల వరకు మద్యం సుంకం లేకుండా తేవచ్చు. ఇక్కడ దొరికే స్మిర్నాఫ్ అక్కడి నుంచి మోసుకురావడం అనవసరం. యూరప్ మీదుగా వస్తే ఒక లీటరు జుబ్రూఫ్కా, ఒక లీటరు సిట్రాన్ లేదా పెప్పార్ తీసుకోండి. మధ్యలో విమానం మారేట్టయితే డ్యూటీ ఫ్రీ వాళ్లు సీలు వేసిచ్చిన సంచిని చివరి విమానాశ్రయం దాకా విప్పకూడదు. విప్పితే తర్వాతి తనిఖీలో సీసా అక్కడే వదిలేయాల్సి వస్తుంది.